ప్లేగు, 1918 ఫ్లూ: చావులకీ ఉద్యమానికీ ముడి ఎంత?

వాల్తేరు పాఠకుడు:
గ్రూప్-1 మెయిన్స్‌కి వ్యాసం రాస్తున్నాను. "1918 ఫ్లూలో జనం పిట్టల్లా రాలిపోవడం వల్లే 1919లో రౌలట్ వ్యతిరేక ఉద్యమం లేచింది" అని రాయొచ్చా? విశాఖ జిల్లా అంకె ఒకటి పెట్టాలనుంది. లెక్క ఎలా కట్టాలండీ?

డాల్ఫిన్స్ నోస్:
"వల్లే" తీసెయ్యండి. విచారణ లేకుండా జైల్లో పెట్టే రౌలట్ చట్టానికి దారి తీసిన రౌలట్ కమిటీని వేసింది 1917 డిసెంబరులో, అది నివేదిక ఇచ్చింది 1918 ఏప్రిల్‌లో. ఫ్లూ బొంబాయి రేవులో దిగింది జూన్‌లో. చట్టానికి బీజం జబ్బు కన్నా ముందే పడింది. యుద్ధకాలపు ధరలు, 1918లో వాన లేకపోవడం, ఫ్లూ, ఈ మూడూ కలిసి జనాన్ని కుంగదీశాయని రాస్తే ఎవరూ తప్పు పట్టలేరు.

నన్నడిగితే ఫ్లూని ప్లేగుతో పోల్చి చూపించండి. 1897లో పుణేలో గోరా సిపాయిలు ఇల్లిల్లూ సోదా చేశారు. వంటగదిలోకీ పూజగదిలోకీ వెళ్లారు, సామాను వీధిలో పడేశారు, రోగి అని అనుమానం వస్తే క్యాంపుకి లాక్కుపోయారు. జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు ప్లేగు అధికారి ర్యాండ్‌ని కాల్చారు. ఫ్లూ అంతకు ఎన్నో రెట్లు మందిని చంపినా అలాంటి తుపాకీ పేలలేదు. అప్పుడు సర్కారు ఎవరి గడపా తొక్కలేదు మరి. జబ్బు మీద కన్నా ఇంట్లోకొచ్చిన బూటు మీదే కోపం ఎక్కువ.

లెక్కల మేస్టారు:
జిల్లా అంకె దగ్గరే చాలామంది బోల్తా పడతారు. అప్పటి వైజాగపటం జిల్లాలో నేటి విజయనగరం, పార్వతీపురంతో పాటు జయపురం జమీ, అంటే నేటి కోరాపుట్ వైపు కూడా ఉండేవి. 1936లో ఒరిస్సా ఏర్పడ్డాకే జయపురం వైపు విడిపోయింది. శ్రీకాకుళమేమో గంజాం జిల్లాలో ఉండేది. కాబట్టి పాత అంకెని ఇప్పటి జిల్లా జనాభాతో భాగించకండి.

మద్రాసు శానిటరీ కమిషనర్ వార్షిక నివేదికల్లో జిల్లావారీ మరణాలు దొరుకుతాయి. "ఇన్‌ఫ్లుయెంజా" కోసం వెతక్కండి. గ్రామ మునసబు చిట్టాలో చాలా చావులు "జ్వరాలు" కిందే పడ్డాయి. 1913–17 సంవత్సరాల సెప్టెంబరు–డిసెంబరు మరణాల సగటు కట్టి, 1918లో అవే నెలల మొత్తంలోంచి తీసెయ్యండి. మిగిలింది అదనపు మరణాలు. ఏడాది మొత్తం పట్టుకుంటే కలరా కూడా కలిసిపోతుంది. ఏజెన్సీలో నమోదు అంతంతమాత్రం, అందుకే వచ్చేది కనీసపు అంకే అని ఒక వాక్యం రాయండి. దేశం మొత్తానికి సర్కారు తొలి అంచనా సుమారు 60 లక్షలు, తర్వాతి పరిశోధకులవి 1.2 కోట్ల నుంచి 1.8 కోట్ల దాకా వెళ్లాయి. 1911–21 దశాబ్దంలో దేశ జనాభా పెరగకపోగా కాస్త తగ్గింది.

కైలాసగిరి:
ఒక చిన్న సవరణ. ర్యాండ్ హత్య కేసులో తిలక్‌కి శిక్ష పడిందని రాసేరు, జాగ్రత్త. పడింది ఆయన పత్రిక కేసరిలోని రాతల మీద, శిక్షాస్మృతి 124ఏ రాజద్రోహం కింద, 18 నెలలు. మరుసటి ఏడాదే ఆ సెక్షన్‌ని ఇంకా బిగించి, వర్గాల మధ్య వైరం రెచ్చగొడితే శిక్షించే 153ఏ చేర్చారు. ప్లేగు రాజకీయ ఫలితం అంటే నా లెక్కలో అదే అసలైంది.

వాల్తేరు పాఠకుడు:
మరి 1897 అంటువ్యాధుల చట్టం?

కైలాసగిరి:
అప్పట్లో నాలుగే సెక్షన్లు. రెండోది సర్కారుకి అధికారాలు, మూడోది ఆదేశాలు మీరితే శిక్షాస్మృతి 188 కింద శిక్ష, నాలుగోది అధికారులకి రక్షణ. సోదా చేయించుకున్నవాడికి అప్పీలు ఊసే లేదు. 2020లో కోవిడ్‌కి దీన్నే దుమ్ము దులిపి వాడారు. ఇప్పుడు 188 బదులు న్యాయసంహిత 223 వచ్చింది. ఇప్పటి చట్టం గురించి రాసేచోట పాత నంబరు పెట్టకండి.