అప్‌డేట్: మా ఊరి బడిలో తెలుగు భాషా దినోత్సవం ఇలా జరిగింది

శ్రీకాకుళం జిల్లాలోని మా ఊరి ప్రాథమిక పాఠశాలలో ఆగస్టు 29న పిల్లల చేత ఏం చేయిస్తే బాగుంటుందని, తల్లిదండ్రుల కమిటీ సభ్యుడిగా ఇంతకుముందు మిమ్మల్ని అడిగాను. ఇంట్లో పెద్దవాళ్ల మాటలు సేకరించమన్న సలహానే చివరకు పాటించాము. 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారి జయంతికి, కంఠస్థం చేసిన ఉపన్యాసాల కంటే ఇదే తగినదని నాకూ అనిపించింది.

నాలుగు, ఐదు తరగతుల పిల్లలు ‘బేగి’ (త్వరగా), ‘గుంట’ (పిల్ల), ‘అప్ప’ (అక్క) వంటి మా ప్రాంతపు మాటలను అట్టముక్కల మీద రాసి వరండాలో దారానికి వేలాడదీశారు. బడిలో ఇచ్చే రాగిజావ గ్లాసు పట్టుకున్న ఒక పాప, ‘‘మా మామ్మ దీన్ని చోడంబలంటాది మాస్టారూ’’ అనగానే, అప్పటిదాకా ఇలాంటి మాటలు పలికితే సరిదిద్దుతూ వచ్చిన ఉపాధ్యాయుడు తానే సుద్దముక్క తీసుకుని దానిని నల్లబల్ల మీద రాశారు.

వాన వల్ల ఊరేగింపు మానుకున్నాము. అట్టముక్కలు మాత్రం ఇంకా వరండాలోనే ఉన్నాయి. ప్రతి సోమవారం రెండు మూడు కొత్తవి చేరుతున్నాయి.