గ్వినెద్‌లో నర్సు ఉద్యోగం: వెల్ష్ నేర్చుకోవాలా?

బ్యాంగర్‌కి కొత్తగా వచ్చిన నర్సు:

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం జిల్లా. ఈమధ్యే బ్రిటన్‌లో, వేల్స్ వాయవ్యాన ఉన్న గ్వినెద్ జిల్లాలోని బ్యాంగర్ ఆసుపత్రిలో చేరాను. ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్ష పాసై వచ్చాను కదా, ఇక భాషతో ఇబ్బంది ఉండదనుకున్నాను. తీరా చూస్తే వార్డులో సగం మాటలు ఇక్కడి భాష వెల్ష్‌లోనే నడుస్తున్నాయి. పెద్దవాళ్లు నాతో కూడా ముందు వెల్ష్‌లోనే మొదలుపెడుతున్నారు. క్లాసులో చేరతావా అని మేనేజర్ అడిగారు, బలవంతమేమీ లేదన్నారు. నాకు 34 ఏళ్లు. షిఫ్టులు, ఓఎస్‌సీఈ అనే నర్సింగ్ ప్రాక్టికల్ పరీక్ష, ఏడేళ్ల పాప. వీటి మధ్య ఇంకో భాష అంటే టెన్షన్‌గా ఉంది. పాప బడిలో కూడా వెల్షేనట. నిజంగా అవసరమా? అవసరమైతే ఎక్కడ మొదలుపెట్టాలి? ఇక్కడ ఉంటున్న అక్కలు, అన్నలు చెప్పండి.

కార్డిఫ్ నుంచి:

చెల్లీ, మేం దక్షిణాన, వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో చాలా ఏళ్లుగా ఉంటున్నాం. వెల్ష్ రాకపోవడం వల్ల మాకు ఏ పనీ ఆగలేదు. బోర్డులు, ఉత్తరాలు అన్నీ రెండు భాషల్లోనూ ఉంటాయి. ముందు ఓఎస్‌సీఈ గట్టెక్కించి, పిన్ (నర్సుగా రిజిస్ట్రేషన్ నంబరు) తెచ్చుకోండి. మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

కేర్నార్‌వన్ నుంచి:

అన్నగారు చెప్పింది కార్డిఫ్‌కి నిజమే, ఓఎస్‌సీఈ ముందన్నదీ నిజమే. కానీ నువ్వు వచ్చింది గ్వినెద్‌కి తల్లీ. 2021 జనాభా లెక్కల ప్రకారం వేల్స్ మొత్తం మీద వెల్ష్ మాట్లాడగలిగేవాళ్లు 17.8 శాతం. గ్వినెద్‌లో 64.4 శాతం. అంటే ఇక్కడ అది పండగలకూ సభలకూ దాచుకున్న భాష కాదు, కూరగాయల కొట్లో బేరమాడే భాష. ఉద్యోగం నిలబడటానికి ఇంగ్లీషు చాలు. మనుషులతో కలిసిపోవడానికి చాలదు.

నర్సువి కాబట్టి ఇంకో మాట చెప్తాను. డిమెన్షియా వచ్చిన పెద్దవాళ్లలో కొందరికి తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోతుంది, చిన్నప్పటి భాష మిగులుతుంది. అలాంటి మనిషికి అర్ధరాత్రి నొప్పి వస్తే ఏ భాషలో చెప్పగలదు? హ్యూస్టన్‌లోనో లండన్‌లోనో ఆసుపత్రి మంచం మీద మన అమ్మమ్మ ఉంటే, ఒక నర్సు వచ్చి ‘నొప్పిగా ఉందా అమ్మా’ అని తెలుగులో అడిగితే ఆమెకు ఎలా ఉంటుందో ఆలోచించు. అందుకే వేల్స్ ఆరోగ్య సేవల్లో, రోగి అడగకముందే వెల్ష్‌లో సేవ అందుబాటులో ఉందని సిబ్బందే చెప్పాలన్న విధానం పెట్టారు. నువ్వు ఒక్కదానివే అంతా చేయలేవు, ఎవరూ చేయమనరు. పదో పాతికో వాక్యాలు వచ్చినా మంచం మీది మనిషికి అది పెద్ద సంగతి.

ఇక 34 ఏళ్లు అంటావా, వెల్ష్ క్లాసుల్లో రిటైరైనవాళ్లు బోలెడుమంది కూర్చుంటారు. పైగా తెలుగువాళ్లకు ఇందులో కొంత అనుకూలం ఉంది. ఇది ఊరికే ధైర్యం చెప్పడానికి అనడం లేదు. ‘ఓయిస్ గన్నోఖ్ ఖి బోయిన్?’ అంటే ‘మీకు నొప్పి ఉందా?’ దానికి జవాబు ‘ఓయిస్’, అంటే ‘ఉంది’. అన్నిటికీ ఒకే ‘యెస్’ అని ఉండదు. అడిగిన క్రియతోనే జవాబు చెప్పాలి. ‘వచ్చావా?’ అంటే ‘వచ్చాను’ అంటాం కదా, అదే పద్ధతి. ఇంగ్లీషువాళ్లు దీని దగ్గరే నెలల తరబడి తడబడతారు. ‘నాకు కారు ఉంది’ అనే మాట కూడా మనలాగే ఉంది అనే క్రియతోనే చెప్తారు. నువ్వు, మీరు అనే తేడా కూడా ఉంది: టి, ఖి. పేషెంట్లతో ఎప్పుడూ ‘ఖి’నే వాడు.

అందరూ భయపెట్టేది మాటల మొదటి అక్షరం మారడం గురించి. చిన్నప్పుడు బడిలో గసడదవాదేశ సంధి చదివాం. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. కూర, కాయ కలిస్తే కూరగాయ. వెల్ష్‌లోనూ కొన్ని మాటల తర్వాత అక్షరం ఇలాగే మెత్తబడుతుంది. కాఫీ ‘కోఫి’, రెండు కాఫీలు ‘డై గోఫి’. నాన్న ‘టాడ్’, నీ నాన్న ‘డ డాడ్’. పైన చెప్పిన ‘బోయిన్’ అసలు రూపం ‘పోయిన్’. మనకు ప వకారమైతే వాళ్లకు బకారం అవుతుంది, బ వకారం అవుతుంది. ఊరి పేర్లను కూడా వదలరు: ‘బ్యాంగర్‌లో’ అనాలంటే ‘అమ్ మంగోర్’, ఇక్కడ మాత్రం బ మకారం అవుతుంది. పట్టిక బట్టీ పట్టకు. చెవికి అలవాటైతే నోరు దానంతటదే తిరుగుతుంది. తప్పు పలికినా అవతలివాళ్లకు అర్థమవుతుంది, ఎవరూ ఏమీ అనుకోరు.

రాసినట్టే పలుకుతారు, అది పెద్ద సుఖం. ఒక ఎఫ్ ఉంటే వ, డబుల్యూ చాలాచోట్ల ఉ. ‘ఖ’ మాత్రం మన ఖరము లోది కాదు, హైదరాబాద్ ఉర్దూలో ‘ఖబర్’ అన్నప్పుడు గొంతులోంచి వచ్చేది. రెండు ఎల్‌లు పక్కపక్కన వచ్చే శబ్దం మనకు లేదు. నాలుకను ‘ల’ స్థానంలో ఉంచి, పక్కల నుంచి గాలి ఊదాలి. ఊళ్ల పేర్లలో అది అడుగడుగునా వస్తుంది కాబట్టి ముందే సాధన చెయ్యి.

క్లాసుల సంగతి. పెద్దవాళ్ల కోసం జాతీయ వెల్ష్ అభ్యాస కేంద్రం ఉంది, 2016లో పెట్టారు. ‘డస్గి కమ్రైగ్’ అన్న పేరుతో కనిపిస్తుంది. మొదటి స్థాయి ‘మనెడ్యాడ్’. ఎక్కువ కోర్సులు సెప్టెంబర్‌లో మొదలవుతాయి, ఆన్‌లైన్ క్లాసులు కూడా ఉన్నాయి కాబట్టి షిఫ్టులకు కుదిరేది వెతుక్కోవచ్చు. ఉద్యోగులకు ‘కమ్రైగ్ గ్వైథ్’ అనే పథకం ఉంది. అందులో 10 గంటల పరిచయ కోర్సు ఆన్‌లైన్‌లో ఉచితం. మేనేజర్ అడిగారంటే డ్యూటీ టైములోనే క్లాసుకు పంపుతారేమో అడుగు. మొహమాటపడకు.

అన్నిటికంటే ముఖ్యమైంది ఇది. నువ్వు వెల్ష్‌లో మొదలుపెట్టగానే అవతలివాళ్లు మర్యాద కొద్దీ ఇంగ్లీషులోకి మారిపోతారు. నేర్చుకునే పెద్దవాళ్లలో చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ‘డ్విన్ డస్గి కమ్రైగ్’, అంటే ‘వెల్ష్ నేర్చుకుంటున్నాను’ అని చెప్పు. ‘అన్ ఆరవ్’, అంటే ‘నెమ్మదిగా’ అను. నేర్చుకుంటున్నవాళ్లకు నారింజ రంగు బ్యాడ్జీ ఇస్తారు, అది పెట్టుకుంటే వాళ్లే సాయం చేస్తారు. వార్డులో ఒక్క మనిషిని ఎంచుకుని, ఆమెతో టీ వేళ వెల్షే మాట్లాడతానని ఒప్పందం చేసుకో. యాప్‌లో వందరోజులు చేసినదానికంటే అది ఎక్కువ నిలుస్తుంది.

బ్యాంగర్‌కి కొత్తగా వచ్చిన నర్సు:

అక్కా, చాలా థాంక్స్. గసడదవాదేశం మళ్లీ ఇక్కడ ఎదురవుతుందని అనుకోలేదు. రెండు సందేహాలు. ఉత్తరం వెల్ష్, దక్షిణం వెల్ష్ అని రెండు పుస్తకాలు కనిపించాయి, ఏది తీసుకోవాలి? పాప ఇప్పటికే ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లీషు. మూడోది మొయ్యగలదా?

అబెరిస్ట్విత్ నుంచి:

ఉత్తరం పుస్తకమే తీసుకో అమ్మా. నీ పేషెంట్లు మాట్లాడేది అదే. ‘నాకు ఉంది’ అనడానికి మా వైపు వాడే మాట వేరు, పాలను కూడా మీ దగ్గర ‘లెవ్రిథ్’, మా దగ్గర ‘లైథ్’ అంటారు, రెండింటి మొదట్లోనూ ఆ ఊదే ‘ల’నే. కోస్తా, తెలంగాణ మాటల్లో ఉన్నంత తేడా, అంతే. ‘సే సమ్‌థింగ్ ఇన్ వెల్ష్’ అని వినిపించి పలికించే కోర్సు ఒకటి ఉంది, దాంట్లోనూ ఉత్తరం, దక్షిణం విడివిడిగా ఉంటాయి. బస్సులో వినడానికి బాగుంటుంది.

పాప గురించి దిగులు వద్దు. బయటి నుంచి వచ్చిన పిల్లలకు ముందు వెల్ష్ నేర్పడానికి గ్వినెద్‌లో ప్రత్యేక కేంద్రాలు ఉన్నాయి. పాపకు అక్కడ చోటు దొరుకుతుందా అని బడిలో ఈ వారమే అడుగు. ఇంట్లో మాత్రం తెలుగు తగ్గించకు, దాన్ని నేర్పేది మీరొక్కరే. పాప హోంవర్క్ పక్కనే నీ మనెడ్యాడ్ పుస్తకం కూడా పెట్టుకో. ఈ వయసులో పిల్లలు శబ్దాలు తొందరగా పడతారు కాబట్టి, ఆ ఊదే ‘ల’ పాప దగ్గరే నేర్చుకో.