3 కిలోవాట్ల సోలార్ చాలా, 5 పెట్టించాలా?

తెనాలి_వాసి:
మాది సొంత ఇల్లు, డాబా మీద చోటుకు కొదవ లేదు. మామూలు నెలల్లో 250 యూనిట్లు కాలుతుంది, ఎండాకాలం రెండు ఏసీలు వేస్తే 400 దాటుతోంది. ఇంటి మీద సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్య ఘర్ పథకం కింద పెట్టిద్దామంటే వెండరేమో 5 కిలోవాట్లు తీసుకోండి, మిగిలిన కరెంటు అమ్ముకోవచ్చు అంటున్నాడు. మా ఆవిడ 3 చాలంటోంది. ఇంకోటి, మీటరు ఇప్పటికీ పోయిన మా నాన్నగారి పేరు మీదే ఉంది. పెట్టించుకున్నవాళ్లు కాస్త చెప్పండి.

మేడపైన:
మీ ఆవిడ చెప్పిందే కరెక్ట్ అండీ. కేంద్రం సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకు 30 వేల చొప్పున, మూడోదానికి 18 వేలు, వెరసి 78 వేలు. నాలుగు, అయిదో కిలోవాట్లకు పైసా రాదు, అది మొత్తం మీ జేబులోంచే. కిలోవాటుకు రోజుకు సగటున 4 యూనిట్లు వేసుకున్నా మూడింటికి నెలకు 350 దాకా వస్తాయి. మన ఆంధ్రాలో 225 యూనిట్లు దాటితే యూనిట్ 8.75, 400 దాటితే 9.75. సోలార్ ముందు తగ్గించేది ఈ పై శ్లాబులనే కాబట్టి మీలా ఎక్కువ వాడేవాళ్లకు బాగా గిట్టుబాటు. మిగులుకు డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, ఇచ్చే రేటు మనం కట్టేదాని కంటే బాగా తక్కువ, అమ్మకం మీద ఆశతో పెద్దది పెట్టించకండి.

వరంగల్_కుర్రాడు:
మా తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. పేదింటికి అది అవసరమే, కాదనను. కానీ బిల్లే రానివాళ్లు అప్పు చేసి ప్యానెళ్లు ఎందుకు పెట్టించుకుంటారు? ఆంధ్రాలో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 2 కిలోవాట్లు ఉచితమని, బీసీలకు కేంద్రం ఇచ్చేదాని మీద ఇంకో 20 వేలని పెట్టారు, అలా రాష్ట్రం కూడా చెయ్యి వేస్తేనే కింది ఇళ్ల దాకా వెళ్తుంది. ఏటా ఉచిత కరెంటుకు డిస్కంలకు కట్టే డబ్బులో కొంత ప్యానెళ్ల మీద పెడితే ఆ ఇంటికి పాతికేళ్లు కరెంటు వస్తుంది కదా, దీని మీద గట్టిగా అడగాలి మనం.

ప్యానెల్_పనివాడు:
తెనాలి గారూ, ముందు మీటరు మీ పేరుకు మార్పించండి, పోర్టల్లో అప్లై చేయడం ఆ తర్వాతే. బిల్లు మీద ఒక పేరు, బ్యాంకు ఖాతాలో ఇంకో పేరు ఉంటే సబ్సిడీ దగ్గర ఇరుక్కుంటారు. ప్యానెళ్లు మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసినవే ఉండాలి, కొటేషన్‌లో డీసీఆర్ అని రాయించుకోండి, లేకపోతే సబ్సిడీ రాదు. బ్యాటరీ లేని సిస్టం అయితే కరెంటు పోగానే సోలార్ కూడా ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ తనంతట తనే ఆగుతుంది. చాలామందికి ఇది ముందు చెప్పరు, పెట్టించాక గొడవ పడతారు.

తెనాలి_వాసి:
చాలా థాంక్స్. పేరు మార్పుకు రేపే వెళ్తా. డాబాకు పడమర వైపు వాటర్ ట్యాంకు ఉంది, ఇబ్బందా?

ప్యానెల్_పనివాడు:
సాయంత్రం నీడ పడుతుంది. ఒక ప్యానెల్ మీద పడినా ఆ వరస మొత్తం తగ్గొచ్చు. నాలుగింటికి మేడెక్కి నీడ ఎక్కడిదాకా వస్తుందో సుద్దతో గీత గీయండి, దానికి ఇవతలే, దక్షిణానికి వాల్చి పెట్టమనండి.