అబిస్కో–నిక్కలువొక్తా నడక, సామీ సాంస్కృతిక యాత్ర: గైడుతోనా, సొంతంగానా?

లూలియో_లక్ష్మి:
అందరికీ నమస్కారం. జులై రెండో వారంలో హైదరాబాద్ నుంచి నలుగురు స్నేహితులు వస్తున్నారు. ఉత్తర స్వీడన్‌లో కుంగ్స్‌లేదెన్ దారి పై భాగం, అంటే అబిస్కో నుంచి నిక్కలువొక్తా దాకా 105 కిలోమీటర్లు నడిపించే ప్యాకేజీ ఒకటి చూశాం. ఆరు రోజుల నడక, రాత్రిళ్లు కొండ గుడిసెల్లో బస, పన్నెండు మందికి ఒక గైడు. మధ్యలో, అక్కడి మూలవాసులైన సామీల పేరుతో రెండు "సామీ సాంస్కృతిక సాయంత్రాలు": లావ్వు గుడారంలో భోజనం, యోయిక్ పాట, ఉచ్చుతాడు విసరడం. వీలైతే రెయిన్‌డీర్ దూడలకు చెవి గుర్తులు వేసే చోటికి కూడా తీసుకెళ్తారట. సొంతంగా పోతే అయ్యేదానికి దాదాపు మూడు రెట్లు ఖర్చు. అంత పెట్టడం అవసరమా? నలుగురిలో ఇద్దరు ట్రెక్కింగ్‌కు కొత్త.

నల్లమల_నడక:
గైడ్ అక్కర్లేదు లక్ష్మి గారూ. ఆర్కిటిక్ అనంగనే భయపడతరు గానీ స్వీడన్‌ల ఎక్కువ మంది నడిచే కొండదారులల్ల ఇదొకటి. అబిస్కో నుంచి అబిస్కోయౌరె 15 కిలోమీటర్లు, అక్కడ్నించి అలెస్‌యౌరె 20, చెక్చా 13, సెల్కా 12, సింగి 12, కెబ్నెకైసె స్టేషన్ (రైలుది కాదు, కొండ మీది బస) 14, చివరికి నిక్కలువొక్తా 19. సింగి దాక ప్రతి మజిలీల స్వీడిష్ టూరిస్ట్ అసోసియేషన్ గుడిసె ఉంటది. పరుపు, రజాయి, గ్యాస్ పొయ్యి, గిన్నెలు అన్నీ అక్కడనే. మీరు పల్చటి పక్కగుడ్డ తెచ్చుకుంటె చాలు. అబిస్కోయౌరె, అలెస్‌యౌరె, సెల్కాల దుకాణం ఉంటది. చెక్చా, సింగిల ఉండదు, ఆ రెండు రాత్రుల తిండి మాత్రం వెంబడి ఉండాలె. గుడిసెలల్ల కరెంటు ఉండదు. నీళ్లు వాగు నుంచి మనమే మోసుకురావాలె, కట్టెలు కొట్టాలె, పొద్దున పోయేముందు ఊడ్చి పోవాలె.

ఒక్క సంగతి కొత్తోళ్లకు గట్టిగ చెప్పండ్రి. గుంజలకు ఎర్ర ఇంటూ గుర్తులు కొట్టి ఉంటయి, అవి చలికాలపు స్కీ దారివి. గడ్డకట్టిన చెరువుల మీదికెల్లి, ఊబి నేలల మీదికెల్లి నేరుగ పోతయి. జులైల వాటెంబడి పోతే మోకాలు దాక దిగబడతరు. ఎండకాలం దారికి రాళ్ల మీద ఎర్రరంగు చుక్కలు, రాళ్ల కుప్పలు ఉంటయి, బురద ఉన్నచోట పలకలు పరిచి ఉంటయి. ఇది తెలిస్తే దారి తప్పరు. మిగిలిన పైసలతోటి మంచి బూట్లు, మంచి వానకోటు కొనుక్కోండ్రి.

గోదారిగట్టు:
దారి తప్పడం ఒక్కటే ప్రమాదం కాదండీ. జులైలో కూడా చెక్చా కనుమ దగ్గర అయిదు డిగ్రీలు, ఎదురుగాలి, వాన మూడూ ఒకేసారి రావచ్చు. ఆ కనుమ 1,140 మీటర్ల ఎత్తున ఉంది, మొత్తం కుంగ్స్‌లేదెన్‌లో అదే ఎత్తైన చోటు. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు కాటన్ టీషర్టు, జీన్సు వేసుకుని వస్తారు. కాటన్ తడిస్తే ఆరదు, ఒంటి వేడి లాగేస్తుంది. ముందు మాట తడబడుతుంది, తర్వాత జిప్పు పెట్టుకోవడానికి వేళ్లు కదలవు. అది చలిదెబ్బ మొదలైన గుర్తని కొత్తవాళ్లకు తెలియదు. "అలసిపోయాను, కాసేపు కూర్చుంటాను" అంటారు. గైడు ఆ మాట విన్న వెంటనే పొడి బట్టలు మార్పించి, తీపి టీ తాగించి, ఆపకుండా నడిపిస్తాడు.

దారిలో చాలా భాగం మొబైల్ సిగ్నల్ ఉండదు. గుడిసెల్లో అత్యవసర ఫోన్లు ఉంటాయి, కానీ రెండు గుడిసెల మధ్య పడిపోతే? కొండల్లో రక్షణ పోలీసుల బాధ్యత, దానికి డబ్బు తీసుకోరు. కానీ వాళ్లకు కబురు చేరాలి కదా.

వరంగల్_వాన:
దోమల సంగతి ఎవ్వరు చెప్తలేరు.

నల్లమల_నడక:
@వరంగల్_వాన జులై రెండో వారం అంటే దోమలు మస్తుగ ఉంటయి. తలకు వల, మణికట్టు దగ్గర బిగుతుగ ఉండే చొక్కా, ఒంటికి ఐకారిడిన్ ఉన్న మందు. నల్ల ప్యాంటు వద్దు, లేత రంగు బట్టలేసుకోవాలె. గాలి ఉన్న ఎత్తుల మీద దోమ ఉండదు, అబిస్కో దగ్గర బిర్చ్ చెట్లల్లనే ఎక్కువ. అందుకని చెట్లు దాటేదాక ఎక్కువసేపు ఆగొద్దు.

@గోదారిగట్టు వానకోటు కొనమని నేను ముందే రాసిన. కాటన్ వద్దని ఒక్క మెసేజ్‌ల చెప్పొచ్చు, దానికి మూడు రెట్లు పైసలు ఎందుకు?

గోదారిగట్టు:
అసలు ఆ ప్యాకేజీ ఆరు రోజుల నడక అంటోంది చూశారా? మజిలీలు ఏడు. అంటే ఎక్కడో రెండు కలిపేశారు. దాదాపు ఖాయంగా అలెస్‌యౌరె నుంచి సెల్కా ఒకే రోజు, 25 కిలోమీటర్లు, కనుమ దాటి. చెక్చా గుడిసె చిన్నది, పన్నెండు మందికి ఒకేసారి పడకలు దొరకడం కష్టం, అందుకే చాలా బృందాలు దాన్ని వదిలేస్తాయి. అది గైడు లేకుండా కొత్తవాళ్లకు చెయ్యదగ్గ పని కాదు.

నల్లమల_నడక:
అది గైడ్ ఉంటె సుత చెయ్యదగ్గ పని కాదు! మీరే చెప్తున్నరు ప్యాకేజీలనే తప్పున్నదని. సొంతంగ పోతే ఏడు రోజులు పెట్టుకుంటరు, చెక్చాల అయిదు పడకలు ముందే బుక్ చేసుకుంటరు, 13 ఒకరోజు, 12 ఒకరోజు. అలెస్‌యౌరె నుంచి చెక్చాకు నెమ్మదిగ ఎక్కుడే, అలసట రాదు. మరునాడు పొద్దున ఒళ్లు తేలిగ్గ ఉన్నప్పుడు కనుమ దాటుతరు.

గోదారిగట్టు:
చెక్చా గుడిసె నుంచి కనుమ దాకా పెద్ద రాళ్ల మీద నడక, జులైలో అక్కడక్కడ మంచు పలకలు మిగిలి ఉంటాయి. మంచు కింద నుంచి నీళ్లు పారుతూ ఉంటాయి. మధ్యలో తెల్లగా గట్టిగా కనపడుతుంది కానీ బండరాయి అంచు దగ్గర మంచు లోపల కరిగిపోయి బోలుగా ఉంటుంది. కాలు అక్కడే దిగబడి చీలమండ మెలిపడుతుంది. కర్రతో పొడిచి చూసి అడుగు వేయాలని గైడు చూపిస్తాడు.

నల్లమల_నడక:
ఇప్పుడు మీరు చూపించిన్రు కదా. ఉచితంగ.

పెసరట్టు_ఉప్సల:
తిండి గురించి ఒక మాట. ఇండియా నుంచి నెయ్యి, పాలపొడి, పాలకోవా తేవద్దని స్నేహితులకు చెప్పండి. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తేకూడదు, తీసి పారేస్తారు. పులిహోర పొడి, అటుకులు, రవ్వ తెచ్చుకోవచ్చు. గ్యాస్ డబ్బాలు విమానంలో ఎక్కనివ్వరు. గుడిసెల్లోనే బస కాబట్టి మీకు అవి అక్కర్లేదు.

ఉప్సల_ఉష:
ఇంతసేపూ గైడు కాలు మెలిపడకుండా చూస్తాడా లేదా అన్న దగ్గరే తిరుగుతున్నారు. ప్యాకేజీ పేరులో సగం "సాంస్కృతిక" అని ఉంది, దాని గురించి ఎవరూ అడగలేదు.

ఒక కంపెనీ, పేరు ఎందుకులెండి, మా కుటుంబం దగ్గర ఇలాంటి సాయంత్రానికే డబ్బు కట్టించుకుంది. రోడ్డు పక్క పార్కింగ్‌లో లావ్వు వేశారు, వడ్డించినవాళ్లలో ఒక్క సామీ మనిషి లేరు. కొత్తగా కుట్టిన సామీ దుస్తులు మాకే తొడిగి ఫొటోలు తీశారు. ఆ దుస్తుల అల్లికలోనే ఏ ఊరు, ఏ కుటుంబం అన్నది తెలుస్తుంది. వాటిని అద్దె బట్టల్లా ఊరివాళ్లు కానివాళ్లకు తొడగడం సామీలకు ఎంత కష్టంగా ఉంటుందో తర్వాత తెలిసింది. ఫిర్యాదు చేస్తే జవాబు లేదు. లక్ష్మి గారూ, ఆ సాయంత్రాలు నిర్వహించేది ఎవరు, డబ్బు ఎవరికి చేరుతుంది? గైడు గురించి కన్నా ముందు అది అడగండి.

కోనసీమ_కుర్రాడు:
అరకులో రిసార్టు ముందు థింసా ఆడించినట్టే ఉందండీ ఇది.

నల్లమల_నడక:
అందుకనే నేననేది, ఆ ప్యాకేజే వద్దు. సంస్కృతిని కొనుడెందుకు? దారెంబడి పోతుంటె కనపడతది. ఎవ్వరినీ అడగకుండ కొండలల్ల నడిచే హక్కు ఈ దేశంల అందరికీ ఉన్నది. ఆకాశం కింద అంత ఖాళీ జాగ యూరప్‌ల ఇంకెక్కడ ఉన్నది?

ఉప్సల_ఉష:
ఖాళీ జాగా కాదు. నా అభ్యంతరం సరిగ్గా ఆ మాట మీదే.

ఆ 105 కిలోమీటర్లూ గాబ్నా, లేవాస్ అనే రెండు సామెబీల వేసవి మేత భూముల మీదుగా పోతుంది. రెయిన్‌డీర్ కాపరుల సంఘమూ, వాళ్ల మేత ప్రాంతమూ కలిస్తే సామెబీ. స్వీడన్‌లో ఇలాంటివి 51. అలెస్‌యౌరె చెరువు పక్కన కనిపించే ఇళ్లు వాళ్ల వేసవి ఊరే. మీరు పోయే జులైలోనే దూడలకు గుర్తులు వేస్తారు. వేడికి, ఈగలకు తట్టుకోలేక మందలు మంచు పలకల మీదికి ఎక్కుతాయి, అప్పుడే వాటిని కూడగట్టడం వీలవుతుంది. చల్లగా ఉంటుందని రాత్రిపూట దొడ్లోకి తోలుతారు. దూడల మెడకు అంకెలున్న పలకలు కట్టి వదులుతారు. ఏ అంకె దూడ ఏ తల్లి వెంట నడుస్తోందో దుర్భిణితో చూసి రాసుకుంటారు. తల్లి చెవి గుర్తును బట్టి యజమాని ఎవరో తేల్చి, మళ్లీ పట్టుకుని కత్తితో అదే గుర్తు దూడ చెవికి కోస్తారు. ఈ గొలుసులో తల్లీ దూడా విడిపోతే ఆ దూడ ఎవరిదో తేలదు. పన్నెండు మంది రంగురంగుల కోట్లతో కొండ అంచు మీద నిలబడితే మంద చెదిరిపోతుంది, రెండు రోజుల పని పోతుంది.

నల్లమల_నడక:
అంటే ఏందిప్పుడు, మమ్మల్ని నడవొద్దంటున్నరా? హక్కుల ఎక్కడన్న రాసున్నదా?

ఉప్సల_ఉష:
ఆ హక్కుకు మూలసూత్రమే "ఇబ్బంది పెట్టొద్దు, పాడుచేయొద్దు" అని. మీరు మొదటి సగమే చదివారు. 2020 జనవరిలో స్వీడన్ సుప్రీంకోర్టు గిర్యాస్ సామెబీకి అనుకూలంగా తీర్పిచ్చింది, తెలుసు కదా? ఆ నేల మీద వాళ్లది అతిథి హోదా కాదు.

నల్లమల_నడక:
ఆ తీర్పు చిన్న జంతువుల వేటకు, చేపలకు లైసెన్సులు ఎవరియ్యాలె అన్న దాని మీద. నడక మీద కాదు. అది తెచ్చి ఇక్కడ అంటించకండ్రి.

గోదారిగట్టు:
ఇద్దరూ నా మాటకే వస్తున్నారు. ఏ లోయలో మంద ఉందో తెలిసిన గైడు ఉంటే ఈ గొడవే లేదు.

ఉప్సల_ఉష:
తెలిసిన గైడు అయితే మంచిదే. ఎక్కడి నుంచో వేసవి ఉద్యోగానికి వచ్చిన కుర్రాడికి ఏం తెలుస్తుంది? వీలైతే గుర్తులు వేసే చోటికి తీసుకెళ్తాం అని ప్యాకేజీలో రాసుకున్నారంటేనే అనుమానం. అది పిలిస్తే వెళ్లే చోటు, కార్యక్రమంలో రాసుకునేది కాదు.

నల్లమల_నడక:
సూడండ్రి ఉష గారూ, నా బాధ చెప్తా. ఈ దేశంకు వచ్చినంక పైసల్లేకుండ, ఎవ్వని పర్మిషన్ లేకుండ నేను చెయ్యగలిగిన ఒక్క పని కొండల నడుచుడు. మీరు "తెలిసిన గైడ్" అంటరు, రేపు అది రూల్ అయితది, ఎల్లుండి పైసలున్నోళ్లే కొండకు పోతరు. స్టూడెంట్లు, గోదాములల్ల పనిచేసెటోళ్లు మళ్ల బయటనే. నా కోపం సామీల మీద కాదు. వాళ్ల పేరు చెప్పి టికెట్ పెట్టెటోళ్ల మీద.

ఉప్సల_ఉష:
ఈ మాట మొదటే అంటే సగం గొడవ ఉండేది కాదు. టికెట్ నేనూ అడగడం లేదు. అడిగేది మర్యాద. మంద మీ వైపు వస్తుంటే కూర్చోండి, కదలకండి, దాటిపోనివ్వండి. తల్లీ దూడల మధ్యకు పోవద్దు. కుక్క ఉంటే తాడు వదలొద్దు. దొడ్డి కనిపిస్తే ఫోన్ తియ్యొద్దు, దూరంగా చుట్టి పోవాలి. ఎవరినైనా కలిస్తే "మీకు రెయిన్‌డీర్లు ఎన్ని" అని అడగొద్దు, అది ఆస్తి ఎంత అని అడగడమే. కానీ ఖాళీ జాగా అనే మాట మాత్రం నేను ఒప్పుకోను.

నల్లమల_నడక:
జాగ ఎవరిదైనా నడిచే హక్కు పోదు. అది నేనూ వదల.

వరంగల్_వాన:
ఇద్దరిదీ నిజమే అనిపిస్తున్నది.

లూలియో_లక్ష్మి:
అందరికీ ధన్యవాదాలు. కంపెనీకి రెండు ప్రశ్నలు రాశాను. మూడో రోజు 25 కిలోమీటర్లేనా అంటే అవునన్నారు. సాంస్కృతిక సాయంత్రాలు ఎవరు నిర్వహిస్తారు, దూడల దగ్గరికి ఎవరి పిలుపు మీద పోతారు అంటే "స్థానిక భాగస్వాములు" అన్నారు, పేరు చెప్పలేదు. కాబట్టి ఆ ప్యాకేజీ వద్దనుకున్నాం. ఏడు రోజులు పెట్టుకుని సొంతంగా నడుస్తాం. అలెస్‌యౌరె చెరువు మీద సామీలు నడిపే పడవ ఎక్కితే అయిదారు కిలోమీటర్లు తగ్గుతుందట, కొత్తవాళ్లిద్దరికీ రెండో రోజు అదే. బయల్దేరేముందు యొక్‌మొక్ ఊళ్లోని ఆయ్తే అనే సామీ మ్యూజియంలో ఒక పూట గడుపుతాం, లూలియో నుంచి కారులో వెళ్లిరావచ్చు. ఇంకొక్కటి: కెబ్నెకైసె స్టేషన్ దగ్గర ఒక రోజు ఆగి కెబ్నెకైసె కొండ శిఖరం ఎక్కొచ్చా?

గోదారిగట్టు:
అక్కడ మాత్రం నా మాట వినండి. పడమటి దారి రానూపోనూ పది నుంచి పద్నాలుగు గంటలు. మధ్యలో 1,711 మీటర్ల వియెర్రన్‌వారి కొండ ఎక్కి, అవతల రెండు వందల మీటర్లు దిగి, మళ్లీ ఎక్కాలి. తిరిగి వచ్చేటప్పుడు ఆ దిగినదంతా మళ్లీ ఎక్కాలి, కొత్తవాళ్ల కాళ్లు అక్కడే మొరాయిస్తాయి. దక్షిణ శిఖరం కొస మంచే, బూట్లకు ముళ్ల పట్టీలు కావాలి. తూర్పు దారిలో హిమానీనదం దాటాలి, అది గైడు లేకుండా వద్దేవద్దు. స్టేషన్ దగ్గరే గైడు బృందాలు బయల్దేరతాయి, ముగ్గురు అనుభవం ఉన్నవాళ్లు చేరండి.

నల్లమల_నడక:
తూర్పు దారికి గైడ్ ఉండాలె, దాంట్ల వాదన లేదు. పడమటి దారికి వాతావరణం మంచిగుంటె అక్కర్లేదు. లక్ష్మి గారూ, చెక్చా పడకలు ఇయ్యాల్నే చూడండ్రి, జులైకి తొందరగ నిండుతయి.