ప్రకటన గ్రంథ దర్శనాలను చిత్రకారులు ఎలా గీశారు?

ప్రశ్న: గౌతమి_పాయ (రాజోలు)

మా సంఘంలో యువకులతో కలిసి బైబిలులోని చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథాన్ని వరుసగా చదువుతున్నాము. మాది బ్రదరన్ సంఘం కావడం చేత మందిరపు గోడల మీద వాక్యాలే తప్ప బొమ్మలు ఉండవు. పిల్లలు చూసిన చిత్రాలన్నీ సభల ఫ్లెక్సీల మీదివే. వాటిలో ఏడు తలల మృగం, మంటలు, కూలిపోతున్న మేడలు మినహా మరేమీ కనిపించవు. అయిదవ అధ్యాయంలో ఏడు కొమ్ములు, ఏడు కన్నులు గల గొఱ్ఱెపిల్లను (క్రీస్తుకు గుర్తు) గురించి చదువుతున్నప్పుడు అందరమూ నిశ్శబ్దంగా విన్నాము. అదే గొఱ్ఱెపిల్లను ఒక కుర్రవాడు నోటుపుస్తకంలో గీసి చూపించేసరికి నవ్వు ఆగలేదు. చెవికి గంభీరంగా వినిపించేది కంటికి వింతగా మారే ఈ చిక్కును పేరున్న చిత్రకారులు ఎలా ఎదుర్కొన్నారో తెలిసినవారు చెప్పగలరా? పెద్దల ముందు ప్రొజెక్టరు మీద చూపించదగిన చిత్రాలు ఏవి?

జవాబు 1: డ్రాయింగు_మాస్టారు (రాజమహేంద్రవరం)

ఈ చిక్కును తప్పించుకోకుండా నేరుగా ఎదుర్కొన్నవాడు జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్. 1498లో ఆయన 15 చెక్క అచ్చు చిత్రాలతో ఈ గ్రంథాన్ని జర్మన్, లాటిన్ భాషలలో వేరువేరుగా ప్రచురించాడు. మీరు చెప్పిన గొఱ్ఱెపిల్లకు ఏడు కొమ్ములనూ ఏడు కన్నులనూ లెక్క తప్పకుండా పెట్టాడు. పదవ అధ్యాయంలో మేఘాన్ని ధరించుకొని దిగివచ్చిన దూతనైతే మరింత తెగువతో గీశాడు. ఆ దూతకు కాళ్ళకు బదులు మండుతున్న స్తంభాలు, దేహానికి బదులు మేఘం, ముఖం చుట్టూ సూర్యకిరణాలు ఉంటాయి. ఎదుట మోకరించిన యోహాను (ఈ దర్శనాలను చూసి వ్రాసినవాడు) దూత ఇచ్చిన చిన్న పుస్తకాన్ని నిజంగానే నోటిలోనికి తోసుకుంటూ ఉంటాడు. మాటల్లో చెబితే ఇదంతా హాస్యంగానే అనిపిస్తుంది. కానీ ఆ యోహాను వస్త్రపు మడతలను, చేతివేళ్ళను, ముఖంలోని ప్రయాసను ఎంతో నిక్కచ్చిగా చెక్కినందువల్ల, నమ్మదగిన మనిషి పక్కనున్న నమ్మశక్యం కాని దూతను కూడా మన కన్ను అంగీకరిస్తుంది. నా దృష్టిలో డ్యూరర్ గొప్పతనమంతా అక్కడే ఉంది.

నలుగురు గుర్రపు రౌతుల విషయంలో మాత్రం ఆయన వాక్యపు క్రమాన్ని పక్కన పెట్టాడు. ప్రకటన గ్రంథంలో, దేవుని చేతిలోని చుట్టకు వేసిన ముద్రలలో మొదటి నాలుగింటిని ఒక్కొక్కటిగా విప్పినప్పుడు ఒక్కొక్క రౌతు వస్తాడు. డ్యూరర్ నలుగురినీ ఒకే ఉరవడిలో కలిపి పరుగెత్తించాడు: విల్లు, ఖడ్గం, త్రాసు పట్టుకున్నవారు పైన దూసుకుపోతుంటే, బక్కచిక్కిన గుర్రం మీద మరణం కింది మూలన వస్తుంది. ఆ తరువాత వచ్చిన చిత్రకారులలో చాలామంది రౌతులను ఇలా గుంపుగానే ఊహించుకున్నారు. ఇవి నలుపు తెలుపు గీతలు కనుక జిరాక్సు తీసి పంచినా చెడిపోవు.

జవాబు 2: తెర_చాప (నరసాపురం)

మాస్టారు గారు చెప్పినదానిని కాదనను గానీ, ఉన్నదున్నట్లు గీయడమొక్కటే మార్గం కాదు. వాన్ ఐక్ సోదరుల పేరున ప్రసిద్ధమైన, 1432లో పూర్తయిన, బెల్జియంలోని గెంట్ నగరపు వేదికా చిత్రాన్ని (గుడి బలిపీఠం వెనుక నిలిపే పలకల చిత్రం) చూడండి. అందులో వేదిక మీద నిలిచిన గొఱ్ఱెపిల్లకు అదనపు కొమ్ములూ కన్నులూ లేవు. గుండె దగ్గరి గాయం నుండి రక్తం పాత్రలోనికి కారుతూ ఉంటుంది, అంతే. 16వ శతాబ్దంలో ఎవరో దాని ముఖం మీద మరో ముఖాన్ని పూశారు. ఇటీవలి శుద్ధిలో ఆ పై రంగును తొలగించగా, దాదాపు మనిషిలా నేరుగా మనవైపు చూసే అసలు ముఖం బయటపడింది. 2020 ప్రాంతంలో ఇంటర్నెట్టులో ఎంతోమంది దానిని చూసి నవ్వారు. కాబట్టి నవ్వు కొమ్ముల వల్లనే రాదు. ఆ చూపును తప్పించుకోలేక నవ్వారని నా అనుమానం.

మరొక మార్గం స్పెయిన్ దేశపు బియాటస్ వ్రాతప్రతులది. ఎనిమిదవ శతాబ్దపు సన్యాసి బియాటస్ వ్రాసిన వ్యాఖ్యానానికి తరువాతి శతాబ్దాలలో గీసిన బొమ్మలు అవి. వాటిలో ఆకాశమూ లేదు, నేలా లేదు. పసుపు, ఎరుపు, నీలం అడ్డపట్టీల మీద మృగాలూ దూతలూ అతికించినట్లు నిలుస్తారు. చోటే ఈ లోకానిది కానప్పుడు వింత అన్న మాటకు తావు ఉండదు. ఇటలీ చిత్రకారుడు జోత్తో పాదువా నగరపు గుడి గోడ మీద 1305 ప్రాంతంలో గీసిన అంత్యతీర్పు కూడా చూపించండి. పై అంచున ఇద్దరు దూతలు ఆకాశాన్ని చాప చుట్టినట్లు చుట్టేస్తూ ఉంటారు. ఆరవ అధ్యాయంలోని ఒక్క వాక్యాన్ని అంత నిరాడంబరంగా గీసినవారిని నేను మరొకరిని చూడలేదు.

గౌతమి_పాయ

ఇద్దరికీ కృతజ్ఞతలు. మా బృందంలో లూథరన్, ఆర్‌.సి.ఎం. (రోమన్ కాథలిక్) కుటుంబాల పిల్లలు కూడా ఉన్నారు. ఎవరి మనసూ నొచ్చుకోకుండా చూసుకోవాలి.

జవాబు 3: కొబ్బరి_తోట (అమలాపురం)

అలాగైతే 1522లో ప్రొటెస్టంట్ సంస్కర్త లూథర్ జర్మన్ కొత్త నిబంధనకు చిత్రకారుడు క్రనాఖ్ పనిశాలలో సిద్ధమైన బొమ్మలను ముందుగా వివరించకుండా చూపించకండి. వాటిలో మృగం మీద కూర్చున్న బబులోను స్త్రీ తల మీద, కాథలిక్కుల అధిపతి అయిన పోపు ధరించే మూడంతస్తుల కిరీటం ఉంటుంది. గొడవ ఎంత ముదిరిందంటే, అదే సంవత్సరం డిసెంబరులో వచ్చిన రెండవ ముద్రణలో దానిని మామూలు కిరీటంగా చెక్కివేయవలసి వచ్చింది. దర్శనాన్ని తమ కాలపు తగవులకు వాడుకోవడం కొత్త సంగతి కాదు, నేటి ఫ్లెక్సీలలోనూ అది జరుగుతూనే ఉంది.

నేనైతే చిత్రకారుడు మెమ్లింగ్ గీసిన చిత్రంతో మొదలుపెడతాను. బెల్జియంలోని బ్రూజ్ నగరంలోని ఆసుపత్రి ప్రార్థనాలయం కోసం 1479లో పూర్తిచేసిన వేదికా చిత్రంలో అది కుడివైపు పలక. పత్మాసు ద్వీపం మీద యోహాను కలం పట్టుకొని కూర్చుని ఉంటాడు. సింహాసనం, ఇంద్రధనుస్సు, నలుగురు రౌతులు, స్తంభాల కాళ్ళ దూత, అన్నీ ఆయన ఎదుట ఒకే సముద్రం మీద పరుచుకొని ఉంటాయి, నీటిలో వాటి నీడలతో సహా. ఎక్కడా కేకలు లేవు. 1996 తుపాను నాటి సంగతులు ఇంట్లో విన్న మన కోనసీమ పిల్లలకు సముద్రమంటే ఏమిటో చెప్పనక్కరలేదు. అంతటి విపత్తును ఇంత నిశ్చలమైన నీటి మీద ఎందుకు గీశాడని వారే అడుగుతారు. ముందుగా నాలుగవ అధ్యాయం నుండి పన్నెండవ అధ్యాయం వరకు చదివించి, ఏ వాక్యం పలకలో ఏ మూలన ఉందో వెతకమనండి. పెద్దలు కూడా అభ్యంతరం చెప్పరనుకుంటాను, ఎందుకంటే వెతకడానికి బైబిలు తెరవక తప్పదు.