బెంగళూరు బుటీక్ హోటల్లో పెళ్లిరోజు విందు: అమ్మకు శనివారం ఒంటిపూట

గోదావరి గట్టు:
అమ్మానాన్నల పెళ్లిరోజు ఈసారి శనివారం వచ్చింది. రాజమండ్రి నుంచి జయనగర్‌లో మా ఇంటికి వస్తున్నారు. వాళ్లను పెద్ద హోటల్‌కు తీసుకెళ్లి బఫే వరుసలో నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. పాత బంగళాలో పది పన్నెండు గదులతో నడిపే బుటీక్ హోటళ్లున్నాయి కదా, అలాంటి చోట నిదానంగా కూర్చోబెట్టి తినిపించాలని కోరిక. అమ్మ ఆ రాత్రి అన్నం ముట్టదు, పలహారమే. ఉల్లి, వెల్లుల్లి కూడా తినదు. నాన్నగారికి షుగర్, ఎనిమిది దాటితే ఆగలేరు. మనం అడిగినట్టు వండుతారా? గది తీసుకోనివాళ్లకు వడ్డిస్తారా? పన్ను 18 శాతమని ఒకరు, 5 అని ఇంకొకరు చెబుతున్నారు. ఏది నిజం?

వంటగది మనిషి:
వండుతారండీ, ముందురోజు చెబితే. ఇందిరానగర్‌లో అలాంటి హోటల్ వంటగదిలో చాలాకాలం పనిచేశాను. గ్రేవీలన్నీ పొద్దున్నే తయారవుతాయి. వాటికి ఆధారమే ఉల్లిపాయ, అల్లంవెల్లుల్లి ముద్ద. రాత్రి బల్ల దగ్గర కూర్చుని "ఉల్లి లేకుండా" అంటే వంటవాడు మాత్రం ఏం చేస్తాడు? కాస్త పనీరు వెన్నలో వేయించి పంపుతాడు. పెళ్లిరోజున అమ్మగారికి పెట్టవలసింది అదా?

శుక్రవారం మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య ఫోను చేయండి. రద్దీ తగ్గి, మర్నాటి సరుకులు రాసుకునే వేళ అది. రిసెప్షన్‌లో చెప్పి వదిలేయకుండా వంటమాస్టరుతోనే మాట్లాడండి. కొన్ని చోట్ల బస చేసినవాళ్లకే వడ్డిస్తారు, అదీ అప్పుడే తేలిపోతుంది.

గుత్తివంకాయ మాత్రం అడగవద్దు. అది మీ ఇంట్లోనే బాగుంటుంది. ఈ ఊరి వంట పెట్టమనండి. నానిన పెసరపప్పులో కీరా, కొబ్బరి వేసి తాలింపు పెట్టే కోసంబరి ఎంత హాయిగా ఉంటుందో! రాగి రొట్టెలో మామూలుగా ఉల్లిపాయ వేస్తారు. దాని బదులు మునగాకు, కొబ్బరి కోరు వేయమనండి. చలికాలమైతే అవరెకాయలు, అంటే మన అనపకాయలు, వస్తాయి. గింజలు నానబెట్టి, ఒక్కొక్కటీ వేళ్లతో నొక్కి తొక్క తీసి వండే పులుసులాంటిదే హితికిద బేళె సారు. వెల్లుల్లి మాని ఇంగువ వేసినా రుచికి లోటుండదు. ఇది ఎంతో ఓపిక పని, చెప్పకుండా వెళ్తే ఎవరూ చేయలేరు. అక్కిరొట్టె బియ్యప్పిండితో చేస్తారు. ఒంటిపూట ఉన్నప్పుడు ఇడ్లీ తినేవాళ్లూ ఉన్నారు, బియ్యమే ముట్టనివాళ్లూ ఉన్నారు. అమ్మగారి పద్ధతి ముందే కనుక్కోండి.

ఏడున్నరకల్లా వెళ్లండి. మీదే మొదటి బల్ల అయితే మాస్టరు దృష్టంతా మీ మీదే ఉంటుంది, నాన్నగారూ ఆగనక్కరలేదు.

పద్దుల పుస్తకం:
రెండూ నిజమే. గది అద్దె రోజుకు రూ.7,500 దాటే హోటల్లోని రెస్టారెంటుకు 18 శాతం, లేకపోతే 5. 2025 ఏప్రిల్ నుంచి, ఏ ఏడాదికైనా దాని ముందటి ఆర్థిక సంవత్సరంలో నిజంగా వసూలు చేసిన అద్దెను చూస్తున్నారు. అందువల్ల మీరు వెళ్లిన రోజు గది చవకగా ఉన్నా భోజనం మీద 18 పడవచ్చు. ఫోనులోనే అడగండి. సర్వీస్ చార్జి పన్ను కాదు. దాన్ని బిల్లులో తామే కలపకూడదని 2022 జులైలో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. కలిపితే తీసేయమనండి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు.

మల్లేశ్వరం అత్తయ్య:
ఒంటిపూట అంటే మధ్యాహ్నం అన్నం తింటుంది కదమ్మా! మధ్యాహ్నమే తీసుకెళ్లు, నిండు భోజనమే పెట్టించవచ్చు. పాత బంగళాల్లో మెట్లు ఎక్కువ, సాయంత్రం చెట్ల కింద దోమలు. మోకాళ్ల నొప్పులుంటే కింది అంతస్తులోనే బల్ల కావాలని చెప్పు.

గోదావరి గట్టు:
మధ్యాహ్నం కుదరదు అత్తయ్యగారూ, రైలు దిగి ఇల్లు చేరేసరికే రెండు దాటుతుంది. మెట్ల సంగతి నాకు తట్టనే లేదు, తప్పకుండా అడుగుతాను. వంటగది మనిషి గారూ, ఇంత ప్రత్యేకంగా వండించుకుంటే ఎక్కువ తీసుకుంటారా?

వంటగది మనిషి:
కొందరు తీసుకుంటారు. మనిషికి ఇంత అని ముందే ఒప్పుకుని, వంటకాల పేర్లతో సహా సందేశం పంపమనండి. శనివారం పొద్దున ఇంకొక్కసారి ఫోను చేయండి. మాస్టరుకు ఆ రోజు సెలవైతే మీ మాట రెండోవాడికి చేరిందో లేదో తెలుస్తుంది.