ఎకినేషియా టింక్చర్ ఇంట్లో పెట్టుకోవడం లాభమా, దండగా?

పెరటితోట (కాన్సస్):
మా పెరట్లో పర్పుల్ కోన్‌ఫ్లవర్ (ఎకినేషియాలో ఒక జాతి) మొక్కలకు మూడేళ్ళు నిండాయి. ఈ ఫాల్‌లో వేళ్ళు తవ్వి టింక్చర్, అంటే ఆల్కహాల్‌లో నానబెట్టి తీసే సారం, పెడదామనుకుంటున్నా. తరిగిన పచ్చి వేరు ఒక పాలు, ఘాటు స్పిరిట్ రెండు పాళ్ళు, గాజు సీసాలో నాలుగు నుంచి ఆరు వారాలు. చలికాలం జలుబులకు ఇంట్లో మందు ఉండగా షాపులో కొనడం ఎందుకు?

ల్యాబ్‌కోటు:
జలుబుకే అయితే సీసా ఎవరు చేసినా దండగేనండి. 2005లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ప్రయోగంలో వాలంటీర్ల ముక్కుల్లో జలుబు వైరస్ వేసి మరీ చూశారు. ఆంగస్టిఫోలియా అనే ఎకినేషియా జాతి వేరు సారం తాగినవాళ్ళకీ, ఉత్తుత్తి మందు తాగినవాళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

పెరటితోట:
మీరు చెప్పింది ఒక జాతి వేరు గురించి. నాది పర్‌ప్యూరియా. 2014 కాక్రేన్ సమీక్షలో (ఒక మందు మీద జరిగిన ప్రయోగాలన్నీ కలిపి చూసేది) జలుబు రాకుండా వాడిన ప్రయోగాలు కాస్త మేలు వైపే మొగ్గాయి కదా? పైగా మా వేరు కొరికితే నాలుక జివ్వుమంటుంది. అమెరికా ఆదివాసులైన లకోటా తెగవాళ్ళు పంటినొప్పికి దీని చుట్టం ఆంగస్టిఫోలియా వేళ్ళు నమిలేవారు, ఊరికే నమిలారంటారా?

ల్యాబ్‌కోటు:
మొగ్గు ఉంది, కానీ విడివిడిగా చూస్తే గణాంకాల్లో నిలబడేంత కాదు. జివ్వుమనేది వేరులోని ఆల్కమైడ్లనే రసాయనాల వల్ల. అవి ఆల్కహాల్‌లోకి బాగా దిగుతాయి, అందుకే టింక్చర్ పెడతారు. మీ సీసాలో సరుకు ఉందని దానివల్ల తెలుస్తుంది, అంతే. పన్ను తిమ్మిరెక్కితే జలుబు తగ్గినట్టా?

వోడ్కా_సందేహం:
స్పిరిట్ బదులు మామూలు వోడ్కా పోయొచ్చా? మా స్టేట్‌లో 95 శాతం స్పిరిట్ అమ్మరు.

పెరటితోట:
పచ్చి వేరుకి వద్దు. అందులో నీళ్ళు ఎక్కువ, 40 శాతం వోడ్కా ఇంకా పలచబడుతుంది. ఎండు వేరైతే ఒకటికి ఐదు పాళ్ళు పోసి చాలామంది చేస్తారు, కాకపోతే 50 శాతం దాటినది దొరికితే మేలు. ఫార్మసీలో దొరికే రబ్బింగ్ ఆల్కహాల్ మాత్రం ముట్టుకోకండి, లోపలికి పోతే విషం.

డల్లాస్ అమ్మమ్మ:
బాబూ, మా మనవడికి ఐదేళ్ళు. స్కూల్ మొదలైతే చాలు, ముక్కు కారుతూనే ఉంటుంది. నాలుగు చుక్కలు తేనెలో వేసి ఇవ్వచ్చా?

ల్యాబ్‌కోటు:
వద్దమ్మా. 2003లో రెండు నుంచి పదకొండేళ్ళ పిల్లలకు సిరప్‌గా ఇచ్చి చూస్తే జలుబు త్వరగా తగ్గలేదు, ఒంటిమీద దద్దుర్లు మాత్రం ఎక్కువమందికి వచ్చాయి. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2012లోనే పన్నెండేళ్ళ లోపు వాళ్ళకు వద్దంది. ఇది చేమంతి, వయ్యారిభామల కుటుంబం. ఆ అలర్జీ ఉంటే పెద్దవాళ్ళూ దూరంగా ఉండాలి. రోగనిరోధక శక్తిని తగ్గించే మాత్రలు వాడేవాళ్ళూ అంతే.

పెరటితోట:
పిల్లల సంగతి ఒప్పుకుంటా. నా సీసా మాత్రం పెడతా, తాగేది నేనే. అమ్మమ్మగారూ, పిల్లాడికి రాగ్‌వీడ్ (వయ్యారిభామ కుటుంబంలోని కలుపు మొక్క) అలర్జీ ఏమో ఓసారి డాక్టర్‌కి చూపించండి. ఫాల్‌లో ముక్కు కారేది చాలామందికి దానివల్లే.